కడుపులో బూజు.. గ్యాస్ అనుకుంటే గండమే!

* అరుదైన జబ్బే.. ఆలస్యమైతే ప్రాణాంతకం
* షుగరు ఉన్నవారు, స్టెరాయిడ్లు వాడేవారు జర భద్రం

విసాపూర్ (చంద్రపూర్ జిల్లా): కడుపులో మంటగా ఉందంటే చాలు.. మెడికల్ షాపుకెళ్లి ఓ గ్యాస్ గోలీ తెచ్చి వేసుకోవడం మనకు అలవాటే. రెండు రోజులు చూద్దాంలే అనుకుంటాం. చాలాసార్లు తగ్గిపోతుంది కూడా. కానీ షుగరు అదుపులో లేనివారికి, స్టెరాయిడ్ మాత్రలు మింగుతున్నవారికి ఆ రెండు రోజులే ప్రాణం మీదికి తేవచ్చు. కారణం.. పేగుల్లో పట్టే బూజు.

2021లో కరోనా రెండో దశ తర్వాత వణికించిన 'బ్లాక్ ఫంగస్' గుర్తుందా? మరాఠీలో 'కాళీ బురశీ' అన్నారు. ఆ ఏడాది జులై నాటికి దేశంలో 45 వేలకు పైగా కేసులు తేలితే, అందులో మహారాష్ట్రదే మొదటి స్థానం. ముక్కు, కన్ను, దవడ పాడైన వారినే ఎక్కువగా చూశాం. అదే బూజు అరుదుగా పొట్టనూ, పేగులనూ పట్టుకుంటుందన్న సంగతి చాలామందికి తెలియదు.

మూడు రోజుల ఆలస్యం

2021 మేలో ఢిల్లీలోని సర్ గంగారాం ఆసుపత్రి ఇలాంటి రెండు కేసులను బయటపెట్టింది. ఇద్దరికీ కరోనా సోకింది. ఇద్దరూ షుగరు ఉన్నవారే. ఒకరికి స్టెరాయిడ్లు కూడా ఇచ్చారు. వారిలో ఒకాయన కడుపునొప్పిని గ్యాసే అనుకుని సొంతంగా మందులు వాడుతూ మూడు రోజులు గడిపారు. స్కానింగ్ తీస్తే చిన్నపేగుకు రంధ్రం పడింది! ఆపరేషన్‌లో తీసిన ముక్కను పరీక్షిస్తే ఫంగస్ అని తేలింది.

ఎలా వస్తుంది?

ఈ బూజు రేణువులు గాలిలో, మట్టిలో, కుళ్లిన పండ్లలో, పాచిపోయిన రొట్టెల్లో ఉంటాయి. రోజూ పీలుస్తాం, మింగుతాం. ఒంట్లో శక్తి ఉంటే వాటి ఆటలు సాగవు. రోగనిరోధక శక్తి పడిపోయినప్పుడు అదను చూసి దెబ్బ తీస్తాయి. రక్తనాళాల్లోకి చొరబడి రక్తం అందకుండా చేస్తాయి. దాంతో అక్కడి కండ చచ్చి నల్లబడుతుంది. 'బ్లాక్' అన్న పేరు అందుకే. ఒకరి నుంచి ఒకరికి అంటదు.

మందుగోలీ ద్వారా వచ్చిన సందర్భమూ ఉంది. 2009లో హాంకాంగ్‌లో మాత్రల తయారీకి వాడిన మొక్కజొన్న పిండికి బూజు పట్టింది. ఆ మాత్రలు మింగిన రక్త క్యాన్సర్ రోగుల పేగులకు అది సోకి, కొందరు చనిపోయారు.

ఎవరికి ముప్పు?

అదుపులేని షుగరు, క్యాన్సర్ మందులు, కిడ్నీ మార్పిడి, ఎక్కువకాలం స్టెరాయిడ్లు, ఐసీయూలో ఎక్కువ రోజులు.. వీరికి ముప్పు ఎక్కువ. నెలలు నిండక పుట్టిన పసికందులకూ రావచ్చు. తగ్గని కడుపునొప్పి, పొట్ట ఉబ్బరం, వాంతిలో రక్తం, నల్లటి విరేచనం కనిపిస్తే ఇంట్లో కూర్చోవద్దు.

ఇక మింగుతుంటే గొంతు, ఛాతీలో నొప్పి, నోట్లో తెల్లటి పొర ఉంటే 'క్యాండిడా' అనే మరో ఫంగస్ కావచ్చు. హెచ్‌ఐవీ ఉన్నవారిలో ఇది ఎక్కువ. సకాలంలో గుర్తిస్తే మందులతో నయమవుతుంది.

ముక్క పరీక్షే ముఖ్యం

బ్లాక్ ఫంగస్ రక్తపరీక్షతో తేలదు. ఎండోస్కోపీ చేసి, పుండు నుంచి చిన్న ముక్క తీసి, ఫంగస్ కోసం ప్రత్యేకంగా పరీక్షించాలి. మామూలు యాంటీబయాటిక్స్ దీనిపై పనిచేయవు. క్యాండిడాకు వాడే ఫ్లూకోనజోల్ కూడా పనికిరాదు. ఆంఫోటెరిసిన్-బి అనే ఇంజెక్షన్ ఇవ్వాలి. అది కిడ్నీలపై ప్రభావం చూపుతుంది కాబట్టి ఆసుపత్రిలోనే ఉండాలి. చచ్చిన భాగాన్ని ఆపరేషన్ చేసి తీసేయాల్సి రావచ్చు.

అన్నీ చెప్పాలి

బొగ్గు గనులు, బల్లార్షా కాగితం మిల్లును నమ్ముకుని స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఈ ప్రాంతంలో ఎన్నో. రోగమొస్తే ఒకరు చంద్రపూర్, మరొకరు నాగ్‌పూర్, ఇంకొకరు రైలెక్కి హైదరాబాద్ పోతారు. ఒకచోట రాసింది మరోచోట డాక్టరుకు తెలియదు. అందుకే పాత చీటీలు, మందు పట్టీలు వెంట తీసుకెళ్లాలి. షుగరు ఎంతుంది, కీళ్లనొప్పులకో దమ్ముకో వాడిన గోలీలేమిటి.. అడగకున్నా చెప్పాలి. స్టెరాయిడ్లను సొంతంగా వాడొద్దు, ఒక్కసారిగా ఆపనూ వద్దు. బూజు పట్టిన రొట్టెను ఆ కాస్త గిల్లేసి తినే అలవాటు మానాలి.

జబ్బు అరుదే. ప్రతి కడుపునొప్పికీ భయపడక్కర్లేదు. కానీ షుగరున్న మనిషికి గ్యాస్ గోలీతో నొప్పి తగ్గకపోతే, మరో గోలీ కాదు.. డాక్టరు కావాలి.