మీకు తెలుసా? ఎదుగుదలకు ఉల్క పేరు

ఒక్క సినిమాతోనో, ఒక్క ఎన్నికతోనో ఎవరైనా అందలం ఎక్కితే ఇంగ్లిష్ పత్రికలు ‘మీటియోరిక్ రైజ్’ అని రాస్తాయి. మీటియర్ అంటే ఉల్క. మన కంటికి అది రాలిపోతూ కనిపించేదే. మరి పైకి ఎదిగినవాళ్లకు ఆ పోలిక ఎలా అంటింది?

గ్రీకులో ‘మెటియోరాన్’ అంటే ఎత్తున, ఆకాశంలో ఉండేది. అరిస్టాటిల్ తన ‘మెటియోరాలజికా’లో వాన, గాలి, పిడుగు, ఇంద్రధనుస్సు, తోకచుక్క అన్నిటినీ ఒకేచోట చర్చించాడు. వాతావరణ శాస్త్రానికి మెటియరాలజీ అనే పేరు అలా వచ్చిందే. ఇంగ్లిష్‌లోనూ ఒకప్పుడు వడగళ్లు సైతం మీటియర్లే. రానురాను ఆ మాట ఉల్కకే మిగిలింది.

ఇక ఉల్క సంగతి. చాలావరకు అది ఇసుక రేణువంత ఉంటుంది. సెకనుకు 11 నుంచి 72 కిలోమీటర్ల వేగంతో గాలిలోకి చొచ్చుకొస్తుంది. ఎదుట ఉన్న గాలి ఒక్కసారిగా నొక్కుకుపోయి భగ్గున వేడెక్కుతుంది. నేలకు సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున ఒక వెలుగు గీత మెరుస్తుంది. సెకనో, రెండు సెకన్లో. అంతే, రేణువు ఆవిరైపోతుంది.

‘మీటియోరిక్’ అనే విశేషణం పట్టుకున్నది ఈ వేగాన్నీ, ఈ మెరుపునూ. ఏ దిక్కుకు వెళ్తోందన్నది దానికి పట్టదు. ‘మెరిసి ఆరిపోయేది’ అనే ఛాయ కూడా అందులో ఉంది. నేటి వాడుకలో అది చాలావరకు అరిగిపోయింది.

ఉదాహరణకు, ఎన్టీఆర్ 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీని ప్రకటించి, 1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. నిండా పది నెలలు కాలేదు. ఆ వేగానికి ‘మీటియోరిక్’ అక్షరాలా తగిన మాట. ఆ పార్టీ నలభై ఏళ్లు దాటినా నిలిచే ఉంది కాబట్టి ఆరిపోయే ఛాయ మాత్రం దానికి అతకదు. అయితే ఇరవై ఏళ్లు చెమటోడ్చి ఒక్కో మెట్టూ ఎక్కినవాళ్లకూ ఈ మాట తగిలిస్తుంటారు. అది వాళ్ల కష్టాన్ని చెరిపేయడమే.

తెలుగులో రాసేటప్పుడు ‘ఉల్కలా ఎదిగాడు’ అనకండి. ఉల్కాపాతాన్ని అపశకునంగా చెప్పుకున్న భాష మనది. తారాజువ్వలా దూసుకెళ్లాడని మనవాళ్లు ఏనాటినుంచో అంటున్నారు, జువ్వ నిజంగానే పైకి వెళ్తుంది.