ఆకుపచ్చ లైటు చెప్పని లెక్క

2025 జూలైలో విజయనగరం జిల్లా ఇంటర్మీడియట్ కుర్రాడొకడు వార్తలకెక్కాడు. కాలేజీకి వెళ్లిరావడానికి తానే ఒక బ్యాటరీ సైకిల్ తయారుచేసుకున్నాడు. మూడు గంటలు ఛార్జింగ్ పెడితే 80 కిలోమీటర్లు పోతుందన్నారు. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ అతణ్ని మంగళగిరికి పిలిపించుకుని, ఆ సైకిల్‌ను స్వయంగా నడిపి చూసి, లక్ష రూపాయల ప్రోత్సాహకం ఇచ్చారు.

ఆ వార్తలో అందరి కళ్లూ పడే అంకె 80. అయితే ఏ బ్యాటరీ బండికైనా ఇలాంటి అంకె దాని పుట్టినరోజు నాటిది. రెండో ఏడు ఎంత, నాలుగో ఏడు ఎంత అన్నది డబ్బా మీద రాసి ఉండదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లాంటి ఎండ ప్రాంతంలోనైతే ఆ లెక్క ఇంకాస్త కటువుగా ఉంటుంది.

ముందు మామూలు గుణకారం. వోల్టులను ఆంపియర్ అవర్లతో హెచ్చిస్తే వచ్చేవి వాట్ అవర్లు. బ్యాటరీలో ఎంత సరుకుందో చెప్పేది ఆ ఒక్క అంకే. 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్ల ప్యాక్ అంటే 360 వాట్ అవర్లు. చదును రోడ్డు మీద, తొక్కకుండా, మితమైన వేగంతో పోతే సైకిల్ కిలోమీటరుకు సుమారు 11 వాట్ అవర్లు తింటుంది. అంటే 33 కిలోమీటర్లు. తొక్కకుండానే 80 కిలోమీటర్లు కావాలంటే 880 వాట్ అవర్లుండాలి. 48 వోల్టులు, 18 నుంచి 20 ఆంపియర్ అవర్ల దరిదాపుల్లోని ప్యాక్ అన్నమాట. కాళ్లు కూడా సాయం చేస్తే అంతకంటే చిన్నదే సరిపోతుంది.

శ్రీకాకుళానికి రైలు దిగాలంటే ఆమదాలవలసలో దిగాలి. అక్కడి నుంచి పట్నానికి పది పన్నెండు కిలోమీటర్లు. రోజూ పోయి రావడానికి ఆ 360 వాట్ అవర్ల సైకిల్ కొత్తలో దర్జాగా సరిపోతుంది, ఇంకా మిగులుతుంది కూడా. సామర్థ్యం 70 శాతానికి పడిందనుకోండి, వచ్చేది 23 కిలోమీటర్లు. అప్పుడు తిరుగు ప్రయాణంలో ఎదురుగాలి వీస్తే చివరి కిలోమీటరు తొక్కుకుంటూనో తోసుకుంటూనో రావాల్సిందే.

సైకిల్‌కి బ్యాటరీ తగిలించాలన్న ఆలోచన నిన్నా మొన్నటిది కాదు. 1895 డిసెంబరు 31న అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్ అనే ఆయన, వెనక చక్రం ఇరుసు దగ్గర మోటారు, ఫ్రేము మధ్య బ్యాటరీ ఉన్న సైకిల్‌కు పేటెంటు పొందాడు. సరిగ్గా ఆ దశాబ్దంలోనే విజయనగరం ప్రాంతంలోని కోడూరు దగ్గర మాంగనీసు తవ్వకం మొదలైంది. దేశంలో మాంగనీసు తవ్వకానికి అదే ఆరంభం. ఇక్కడి ఒక రకం రాయికి భూగర్భ శాస్త్రవేత్త ఫెర్మర్ ‘కోడూరైట్’ అని ఈ ఊరి పేరే పెట్టాడు. ఆ ఖనిజం పోయింది ఎక్కువగా ఉక్కు కొలిమిలకే. కానీ మాంగనీసు బ్యాటరీలకూ పాత చుట్టమే. 1866 నాటి లెక్లాంషే సెల్‌లో ఉన్నది మాంగనీసు డయాక్సైడే. మన టార్చిలైటు సెల్స్ దాని సంతానమే. లిథియం బ్యాటరీల్లోకీ అది వచ్చింది. ఆ సంగతికి మళ్లీ వద్దాం.

1993లో యమహా తెచ్చిన, తొక్కుతుంటే మోటారు సాయపడే సైకిల్‌లో ఉన్నది సీసం-ఆమ్లం బ్యాటరీ. బరువెక్కువ కావడంతో అది తప్పుకుంది. లిథియం అయాన్ బ్యాటరీకి 1970లలో విటింగ్‌హామ్ దారి వేశాడు. 1980లో గుడెనఫ్ బృందం కోబాల్ట్ ఆక్సైడ్‌తో వోల్టేజీ పెంచింది. 1985లో జపాన్‌లో యోషినో దాన్ని భద్రంగా పనిచేసే రూపానికి తెచ్చాడు. 1991లో సోనీ అమ్మకానికి పెట్టింది. 2019లో ఆ ముగ్గురికీ నోబెల్ వచ్చేసరికి గుడెనఫ్ వయసు 97.

ఈ సెల్‌లో జరిగేది చూడ్డానికి చాలా సాదాగా ఉంటుంది. ఛార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు ఒక పక్కనున్న లోహ ఆక్సైడ్‌లోంచి బయల్దేరి, ఎలక్ట్రోలైట్ ద్రవంలో ఈది, అవతల గ్రాఫైట్ పొరల మధ్య చేరతాయి. బండి నడిపేటప్పుడు వెనక్కి వస్తాయి. రాకపోకలు ఇంత శుభ్రంగా సాగితే బ్యాటరీకి ముసలితనమే రాకూడదు.

వస్తుంది. కారణం, గ్రాఫైట్ ఛార్జై ఉన్నంతసేపూ ఎలక్ట్రోలైట్‌కి దానితో పొసగదు. రెండూ తగిలిన చోట రసాయన చర్య జరిగి సన్నని పొర కడుతుంది. ఇజ్రాయెల్ శాస్త్రవేత్త ఇమాన్యుయెల్ పెలెడ్ 1979లో లిథియం మీద కట్టే ఈ పొర స్వభావాన్ని వివరించాడు. ఫ్యాక్టరీలో మొట్టమొదటి ఛార్జింగ్‌లోనే నూటికి ఐదు నుంచి పది పాళ్ల లిథియం ఈ పొరకు ఖర్చైపోతుంది. విచిత్రమేమంటే ఆ పొర శత్రువు కాదు. అది కట్టబట్టే ఎలక్ట్రోలైట్ మొత్తం విరిగిపోకుండా ఆగుతోంది. అది లేకపోతే ఈ బ్యాటరీయే లేదు. కాకపోతే ఆ పొర అక్కడితో ఆగదు. సన్నగా చీలుతూ, మళ్లీ కట్టుకుంటూ, ఏళ్ల తరబడి కాస్త కాస్తగా లిథియంను దిగమింగుతుంది. అలా చిక్కుకున్న అయాన్ ఇక రాకపోకలకు పనికిరాదు.

పూడిక పడ్డ చెరువుని తలుచుకుంటే ఇది తేలిగ్గా బోధపడుతుంది. వానాకాలంలో నీళ్లు గట్టుదాకా నిండుగానే కనిపిస్తాయి. కానీ అడుగున మట్టి మేట వేసింది కాబట్టి, గతంలో రెండు కార్లకు పారిన నీరు ఇప్పుడు ఒక కారుకే అయిపోతుంది. బ్యాటరీలో గట్టు అంటే వోల్టేజీ. 48 వోల్టుల ప్యాక్‌ను ఛార్జర్ 54.6 వోల్టులకు చేర్చి ఆకుపచ్చ లైటు వెలిగిస్తుంది. కొత్త ప్యాకైనా, సగం పూడిన ప్యాకైనా అదే 54.6, అదే లైటు. రిపేరు షాపుల్లో తరచూ వినపడే మాటా ఇదే: “పచ్చలైటు ఎలుగుతాది గానీ బండి ఎల్లట్నేదు బాబూ.” ముసలి బ్యాటరీ త్వరగా ఛార్జ్ ఎక్కుతుంది కూడా. దాన్ని చూసి బ్యాటరీ బాగుపడిందని సంబరపడేవాళ్లూ ఉన్నారు.

పూడిక ఎంత నెమ్మదిగా పడుతుందో తెలియాలంటే కొంచెం లెక్క వేయాలి. ఒక్కో ఛార్జింగ్‌లో వెయ్యి అయాన్లలో ఒక్కటి మాత్రమే చిక్కుపడిందనుకుందాం. 99.9 శాతం మార్కులంటే ఏ పరీక్షలోనైనా ఫస్టే. కానీ 0.999ని 500 సార్లు హెచ్చిస్తే మిగిలేది 0.61. అంటే 500 ఛార్జింగులకు దాదాపు నలభై శాతం పోయింది! పదివేలలో ఒకటి పోతే మాత్రం 95 శాతం నిలుస్తుంది. కెనడాలోని హాలిఫాక్స్‌లో బ్యాటరీ శాస్త్రవేత్త జెఫ్ డాన్ బృందం ఏళ్ల తరబడి కొలుస్తూ వచ్చింది ఈ సూక్ష్మమైన తేడానే. మంచి సెల్‌కీ నాసిరకం సెల్‌కీ మధ్య దూరమంతా దశాంశ బిందువు తర్వాతి మూడో నాలుగో అంకెలో ఉంటుంది. కొనేవాడి కంటికి రెండూ ఒకేలాంటి నీలం గొట్టాలు.

ఇక్కడ చాలామందికి ఉన్న ఒక నమ్మకం గురించి చెప్పాలి. బ్యాటరీ పూర్తిగా దిగాకే ఛార్జింగ్ పెట్టాలంటారు. అది నికెల్-కాడ్మియం కాలం నాటి సలహా. లిథియంకి అది మేలుకన్నా కీడే చేస్తుంది. సగం సగం చొప్పున రెండుసార్లు పెడితే లెక్కలో అది ఒక్క ఛార్జింగే. పైగా లోతుగా ఖాళీ చేయడం కంటే పైపైన వాడుకోవడంలో సెల్‌కి శ్రమ తక్కువ.

అసలు దెబ్బ వేరేచోట ఉంది. తిరగడంతో కన్నా, నిండు ఛార్జింగ్‌తో వేడిలో ఊరికే ఉండటంతో బ్యాటరీ ఎక్కువ ముసలిదైపోతుంది. పొర కట్టే చర్య రసాయన చర్య కాబట్టి వేడికి జోరెక్కుతుంది. పది డిగ్రీలు పెరిగితే సుమారు రెట్టింపవుతుందన్నది ఒక స్థూల సూత్రం. బ్యాటరీల రంగంలో తరచూ ఉదహరించే ఒక పట్టిక ప్రకారం, 25 డిగ్రీల దగ్గర 40 శాతం ఛార్జింగ్‌తో ఏడాది పాటు కదపకుండా ఉంచిన సెల్‌లో 96 శాతం సామర్థ్యం నిలుస్తుంది. అదే సెల్‌ని నిండుగా నింపి 40 డిగ్రీల దగ్గర ఉంచితే ఏడాదికి 65 శాతమే. ఒక్క కిలోమీటరు తిరగకుండానే మూడోవంతు పోయింది.

మే నెలలో సాలూరు, పార్వతీపురం, పాలకొండ వైపు పాదరసం 40 దాటడం కొత్త విషయమేమీ కాదు. అది నీడలో కొలిచిన వేడి. రైల్వే స్టేషను దగ్గర నల్లటి బ్యాటరీ పెట్టె ఎండలో నాలుగు గంటలు మాడితే లోపలి సెల్ 50 డిగ్రీలు దాటడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు. ఇంటికి రాగానే, ఆ సెగ చల్లారకముందే, రేకుల వసారాలో ప్లగ్గు పెట్టేస్తాం. రాత్రంతా నిండుగా ఉంటుంది. పొద్దున్నే మళ్లీ ఎండలోకి. ఇంతకన్నా బాగా బ్యాటరీని పాడుచేయాలంటే ప్రయోగశాల కావాలి.

అలాంటి ప్రయోగం ఒకటి అనుకోకుండా జరిగింది కూడా. అమెరికాలో ఎడారి నగరం ఫీనిక్స్‌లో 2012 నాటికి నిస్సాన్ లీఫ్ అనే బ్యాటరీ కారు యజమానుల్లో గగ్గోలు పుట్టింది. డ్యాష్‌బోర్డు మీద సామర్థ్యం చూపే 12 గీతలుంటాయి. ఏడాది, రెండేళ్లకే అవి ఆరిపోవడం మొదలైంది. మొదటి గీత పోయిందంటే సుమారు 15 శాతం సామర్థ్యం పోయినట్టు. ఆ కారు బ్యాటరీని చల్లబరిచే ఏర్పాటు లేదు. ఆ తర్వాత కంపెనీ సామర్థ్యానికే వారంటీ ప్రకటించింది. ఐదేళ్లలోపు తొమ్మిది గీతల కంటే తగ్గితే బాధ్యత మాదేనంది. ఆ బ్యాటరీలో ప్రధాన పదార్థం మాంగనీసు ఆక్సైడ్!

మాంగనీసుకి ఉన్న బలహీనత వేడే. ఎలక్ట్రోలైట్‌లో లేశమాత్రం తేమ ఉన్నా, దానిలోని లిథియం లవణంతో కలిసి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది. వేడి తోడైతే ఆ ఆమ్లం మాంగనీసును కరిగిస్తుంది. కరిగిన మాంగనీసు అవతలి ఒడ్డుకు కొట్టుకుపోయి గ్రాఫైట్ మీది పొరను చెడగొడుతుంది. దాంతో పొర మళ్లీ కట్టుకోవాలి, మళ్లీ లిథియం ఖర్చు. నికెల్, కోబాల్ట్ కలిపి ఈ జబ్బును చాలావరకు అదుపు చేశారు. సైకిళ్లలో ఎక్కువగా వాడేది ఆ మిశ్రమం సెల్సే. కానీ ఫ్యాను, నీళ్ల గొట్టాలు లాంటి చల్లబరిచే సరంజామా సైకిల్ ప్యాక్‌కి ఉండదు. ఆ విషయంలో అది నాటి ఫీనిక్స్ కారుకి దగ్గర బంధువే.

నిండుగా ఉంచడం ఒక తప్పైతే, అడుగంటా ఖాళీగా వదిలేయడం దాని అన్న. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలతోపాటు కరెంటు స్తంభాలూ కూలి, చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటి సమయంలో పూర్తిగా దిగిన ప్యాక్ మూలన పడి ఉంటే, లోపలి రక్షణ సర్క్యూట్ చుక్కచుక్కగా మిగిలిన కరెంటును కూడా తాగుతూ ఉంటుంది. కొన్ని రోజులకు ఏమీ కాదు. నెలలు గడిచి సెల్ వోల్టేజీ మరీ అడుక్కి పోతే, గ్రాఫైట్ కింద ఉండే రాగి రేకు కరగడం మొదలవుతుంది. తర్వాత ఛార్జింగ్ పెడితే ఆ రాగి ముళ్లలా పేరుకుని లోపల షార్టయ్యే ప్రమాదం ఉంది. అలాంటి ప్యాక్‌ను బతికించే ప్రయత్నం చేయకపోవడమే మంచిది.

వయసు మీదపడ్డ బ్యాటరీ దూరం తగ్గడంతో మాత్రమే బయటపడదు. శృంగవరపుకోట దాటి అరకు ఘాట్ ఎక్కడం మొదలుపెడితే ఇంకో లక్షణం కనిపిస్తుంది. పొర మందమయ్యేకొద్దీ లోపలి నిరోధం పెరుగుతుంది. కొత్త ప్యాక్‌లో అది 0.1 ఓమ్ అనుకుంటే, 15 ఆంపియర్లు లాగినప్పుడు 1.5 వోల్టులు కుంగుతుంది. ముసలిదానిలో 0.25 ఓమ్ అయిందనుకుంటే దాదాపు 4 వోల్టులు కుంగుతుంది. మోటారుకి కరెంటు అందించే కంట్రోలర్ దాన్ని చూసి బ్యాటరీ అయిపోయిందనుకుని మోటారు ఆపేస్తుంది. చెట్టుకింద పది నిమిషాలు నిలబెడితే మీటరులో రెండు గీతలు తిరిగొస్తాయి. మహిమేమీ కాదు, లాగడం ఆపగానే వోల్టేజీ లేచింది, అంతే. కళింగపట్నం, భావనపాడు వైపు ఉప్పుగాలికి కనెక్టర్లు చిలుము పట్టినా ఇదే లక్షణం కనిపిస్తుంది. కాబట్టి బ్యాటరీని తిట్టే ముందు ప్లగ్గు పిన్నులు ఒకసారి తుడిచి చూడటం చవకైన పని.

ప్యాక్ విప్పితే కథ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవున్న సెల్స్ వరసగా ఉంటాయి. 48 వోల్టుల ప్యాక్‌లో 13 గుంపులు, వాటిని కలుపుతూ నికెల్ పట్టీలు, పట్టీల మీద వెల్డింగు చుక్కలు. మల్టీమీటరు ముళ్లు ఒక్కో గుంపుకి ఆనిస్తే 4.1, 4.1, 4.1 అంటూ పోయి, హఠాత్తుగా ఒకచోట 3.4 చూపిస్తుంది. ఆ ఒక్క గుంపు ముందే ఖాళీ అయి మిగతా పన్నెండింటినీ ఆపేస్తోంది. సాధారణంగా అది ప్యాక్ మధ్యలో, వేడి బయటికి పోని చోట ఉన్న గుంపు. ఒక్కోసారి నెయిల్ పాలిష్ లాంటి తియ్యటి వాసన కూడా వస్తుంది. అంటే ఎలక్ట్రోలైట్ కారుతోంది. ఆ గుంపునొక్కదాన్నే మార్చి కొత్తవి వేస్తే బాగుపడుతుందని ఆశ. కొన్నాళ్లే. కొత్త గుంపుకీ పాత గుంపులకీ సామర్థ్యం పొసగక తేడా మళ్లీ మొదలవుతుంది. నిజాయితీగల మెకానిక్ మొత్తం మార్చమనే చెబుతాడు, కొనేవాడికి అది మోసంలా వినిపించినా సరే.

ఎండ ప్రాంతానికి ఇంకో దారి 1997లో గుడెనఫ్ బృందమే ప్రకటించిన ఐరన్ ఫాస్ఫేట్ సెల్. వోల్టేజీ తక్కువ, అదే సరుకుకి బరువెక్కువ. కానీ రెండువేల ఛార్జింగులు దాటి నిలబడగలదు, వేడికి అంత సులువుగా అదుపు తప్పదు. ఆటోకి ఆ బరువు లెక్కలోకి రాదు. చేత్తో ఎత్తి మేడ మీదికి తీసుకుపోవాల్సిన సైకిల్‌కి వస్తుంది. అయినా రోజూ కాలేజీకో ఆఫీసుకో పోయే సైకిల్‌కి మరో కిలో బరువు పెద్ద నష్టం కాదనే అనిపిస్తుంది. మామూలు సెల్స్‌తోనే సర్దుకునేవాళ్లకు ఛార్జింగ్ పూర్తిగా నిండకముందే తీసేయడం ఒక ఉపాయం. సెల్ వోల్టేజీని 4.2కి బదులు 4.1 దగ్గర ఆపితే ఛార్జింగుల సంఖ్య ఇంచుమించు రెట్టింపవుతుందని అంచనా. అలా ఆపడంవల్ల తగ్గే పదో వంతు దూరాన్ని వదులుకోగలిగితేనే సుమా.

2022లో విజయవాడ, నిజామాబాద్‌లలో జరిగిన బ్యాటరీ బండ్ల అగ్ని ప్రమాదాల తర్వాత నిబంధనలు బిగిశాయి. బ్యాటరీ వాహనాల పరీక్షలకున్న ఏఐఎస్-156 ప్రమాణాన్ని సవరించి, రెండు విడతలుగా 2022 డిసెంబరు నుంచి, 2023 మార్చి నెలాఖరు నుంచి అమలు చేశారు. సెల్ తయారైన నెల, సంవత్సరం కనపడేలా ఉండాలన్నది అందులో ఒకటి. ఊరికే ఉన్నా వయసు మీదపడే వస్తువుకి అంతకన్నా ముఖ్యమైన వివరం లేదు. అయితే 250 వాట్లలోపు మోటారుతో, గంటకు 25 కిలోమీటర్లు దాటని సైకిల్ చట్టం లెక్కలో మోటారు వాహనమే కాదు. లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఆ ప్రమాణమూ దానికి వర్తించదు. అందుకని సైకిల్ కొనేటప్పుడు సెల్ ఏ నెలలో పుట్టిందో, మధ్యలో ఏ గోడౌన్‌లో ఎన్నాళ్లు ఉందో కొనేవాడే నోరు తెరిచి అడగాలి.