తలుపు ఎవరిది?

కృష్ణా డెల్టాలో కూచిపూడికి చేరువనే ఉన్న మొవ్వ గ్రామము పదకర్త క్షేత్రయ్య పేరుతో ముడిపడినది. పదునేడవ శతాబ్దికి చెందిన ఆయన పదాలలో ఒక నాయిక తరచుగా కనిపిస్తుంది. రాత్రి వేరొకచోట గడపి తెల్లవారి వచ్చిన ప్రియుని మేనిపై పరకాంత గురుతులను చూచి, ఆమె వాకిటనే నిలదీస్తుంది. ఆలంకారికులు ఈమెను ఖండిత అన్నారు. మన తరగతులలో ఆ లక్షణము చెప్పి, మరుసటి నాయికకు సాగిపోవుటే ఆచారము. ఆ లక్షణము వెనుక ఎంత దుఃఖమున్నదో ఆగి చూచువారు అరుదు.

ఖండిత నిర్భయముగా మాటాడుటకు కారణమొకటి ఉన్నది. ఆ నాయికలలో పెక్కుమంది వేశ్యాంగనలు. ఇల్లు వారిది, తలుపు వారిది. వలదనుకొన్ననాడు గడియ వేసికొనగలరు. ఇల్లాలికో? అలిగి పోవుటకు పుట్టిల్లు, ఊరుకొనుటకు అత్తవారిల్లు. భర్త ద్రోహము తెలిసిన మొదటి దినములలో ఆమె తనలో లోపమేమో అని తన్ను తానే వెదకికొంటుంది. బంధువులు వచ్చి "మగవాడు, వాడే దారికి వస్తాడులే అమ్మా" అని ఓదార్చి పోతారు. అది ఓదార్పా, నోరు మూయించుటా? ఇట్టి వంచనకు గురియైన పురుషులును లేకపోలేదు. నలుగురు నవ్వుతారను భయమున వారు మరింత మౌనము వహిస్తారు.

చట్టము సైతము చాలకాలము ఆ బంధువుల వలెనే మాటాడినది. ఏటేటా ఫిబ్రవరి మాసమున విజయవాడ అంచున గుణదల కొండ మీది మేరీమాత తిరునాళ్లకు వేలాది స్త్రీలు వస్తారు. ఎవరి మ్రొక్కు ఏమిటో ఎవరికెరుక? వారిలో క్రైస్తవ ఇల్లాలికి భర్త వ్యభిచారము ఒక్కటే విడాకులకు చాలదని 1869 నాటి చట్టము శాసించినది. దానికి క్రౌర్యమో, రెండేండ్ల పరిత్యాగమో తోడు కావలెను. భర్తకు మాత్రము భార్య తప్పు ఒక్కటే చాలును. ఈ వివక్ష 2001 సవరణతో గాని తొలగలేదు. భారత శిక్షాస్మృతి 497వ సెక్షను మరొక వింత: భార్యతో కూడిన పురుషునిపై భర్త కేసు పెట్టవచ్చును, భర్త ద్రోహముపై భార్య పెట్టరాదు! 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసినది. వ్యభిచారము నేరము కాకపోయినను విడాకులకు కారణముగా నిలిచియే ఉన్నది.

అయితే విడిపోవుటయా, క్షమించుటయా అన్నది ఆ వారములోనే తేల్చుకొనవలసినది కాదు. భామాకలాపములో సత్యభామకు మాధవి ఉన్నది. ఆమె వింటుంది, లేఖ కొనిపోతుంది. అట్టి చెలి ఒకతె, తీర్పు చెప్పక వినునది, ముందు కావలెను. పిల్లలను ఆ మాధవి పాత్రకు నియోగించరాదు. తలిదండ్రుల నడుమ కబుర్లు మోయు పిల్లవాని ముఖము బడిలో ఉపాధ్యాయునికి ఇట్టే తెలిసిపోతుంది.

ఇక తలుపు మాట. ఇల్లు ఎవరి పేరనున్నను, భార్యకు ఆ ఉమ్మడి నివాసమున ఉండు హక్కు కలదని 2005 గృహహింస నిరోధక చట్టము చెప్పినది. చట్టప్రకారము తప్ప ఆమెను వెడలగొట్టరాదు. ఈ సంగతి తెలిసిన ఇల్లాండ్రు మన పల్లెలలో ఎందరు?