గుమ్మపాలు పిల్లలకు మేలేనా?

సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు మమ్మల్ని సభ్యులు అడిగే ప్రశ్న ఒకటున్నది: "పశువు నిండుగా ఉంది, పాలూ ఇస్తోంది. దానికి క్షయ ఏమిటండీ?"

క్షయ సోకిన పశువు చాలాకాలం పైకి ఆరోగ్యంగానే కనిపించవచ్చును. మన దేశంలో జరిగిన అనేక పరిశీలనలను క్రోడీకరించి 2018లో ప్రచురించిన అంచనా ప్రకారం నూటికి సుమారు 7 పశువులకు ఈ వ్యాధి ఉన్నది. వీటిలో కొన్నింటి పాలలోకి క్రిములు దిగుతాయి. సంఘంలో చేసే వెన్న పరీక్షలో ఇది తెలియదు.

అట్టి పాలు పచ్చివిగా త్రాగితే, ముఖ్యంగా పిల్లలకు, మెడ గ్రంథులకో ప్రేవులకో క్షయ రావచ్చును. క్షయకు వాడే ముఖ్యమైన మందుల్లో ఒకటైన పైరజినమైడ్ ఈ క్రిమిపై పనిచేయదు.

డెయిరీలో పాలను 72 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద 15 సెకన్లు వేడిచేయడంతో క్రిములు చస్తాయి. అంటే, పట్నంలో పాకెట్ పాలు త్రాగే బిడ్డకున్న రక్షణ, గుమ్మపాలు త్రాగే మన బిడ్డకు లేదన్నమాట. బలమని గుమ్మపాలు పట్టకండి. పొంగు వచ్చేదాకా కాచి ఇవ్వండి.

పశువు చిక్కిపోతున్నా, దగ్గు విడవకున్నా పశువైద్యునికి చూపించండి. మెడ చర్మంలో ట్యుబర్క్యులిన్ సూది వేసి, 72 గంటల తరువాత వాపు కొలిచి చెబుతారు. ఇంట్లో ఎవరికైనా క్షయ ఉంటే, నయమయ్యేదాకా వారిని పశువుల పాకకు దూరంగా ఉంచండి. మనిషి నుండి పశువుకు కూడా సోకవచ్చును.