అలసటంతా ‘అడ్రినల్’ది కాదు!

ఎంత పడుకున్నా తీరని బడలికకు ఈమధ్య ‘అడ్రినల్ ఫెటీగ్’ అనే పేరు బాగా వినిపిస్తోంది. నిజానికి వైద్యశాస్త్రం గుర్తించిన జబ్బుల్లో ఇది లేదు. కానీ అడ్రినల్ గ్రంథులు నిజంగానే చేతులెత్తేసే సమస్య ఒకటుంది. అది అరుదే గానీ పట్టించుకోకపోతే ప్రాణాల మీదికి తెస్తుంది. ఈ రెండింటికీ తేడా తెలుసుకోవటం చాలా అవసరం.

తెల్లవారుజామున ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ దారుల్లో రెండు రకాల మనుషులు ఎదురవుతుంటారు. కేబీఆర్ పార్కుకు నడకకు బయల్దేరినవాళ్లు కొందరు. రాత్రి షూటింగ్‌ ప్యాకప్ అయ్యాక కృష్ణానగర్ గదులకు చేరుకునేవాళ్లు మరికొందరు. లైట్‌మన్లు, మేకప్ సహాయకులు, జూనియర్ ఆర్టిస్టులు, ఎడిటింగ్ గదిలో తెల్లార్లూ కూర్చున్న కుర్రాళ్లు... వీళ్లకు నీరసం కొత్తేమీ కాదు. ఆ మాటకొస్తే పొద్దున లేవబుద్ధి కాకపోవటం, మధ్యాహ్నానికే ఒళ్లు తూలిపోవటం, కాఫీ పడితే గానీ పని సాగకపోవటం మన ఇళ్లలోనూ ఎందరికో అనుభవమే. ఫోన్లో ఈ లక్షణాలు వెతికితే చాలు.. ‘మీ అడ్రినల్ గ్రంథులు అలసిపోయాయి’ అనే జవాబు, దాని పక్కనే ఓ గోళీల డబ్బా ప్రకటన కనిపిస్తాయి.

గ్రంథులు చిన్నవి.. పని పెద్దది

రెండు కిడ్నీల మీద టోపీల్లా చెరొక అడ్రినల్ గ్రంథి ఉంటుంది. ఒక్కోటీ 4, 5 గ్రాములకు మించదు. వీటి నుంచి వచ్చే కార్టిజోల్ హార్మోనే రక్తపోటు పడిపోకుండా, రక్తంలో గ్లూకోజు తగ్గకుండా చూస్తుంది. జ్వరం, గాయం, ఆపరేషన్ వంటివి ఎదురైనప్పుడు ఒంటిని నిలబెడుతుంది. ఎంత కార్టిజోల్ కావాలో మెదడు అడుగునుండే పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్ అనే హార్మోన్ ద్వారా చెబుతుంది. కార్టిజోల్ మోతాదు రోజంతా ఒకేలా ఉండదు. నిద్ర లేచే వేళకు బాగా పెరిగి, క్రమంగా తగ్గుతూ అర్ధరాత్రికి అడుగంటుతుంది. ఇది సహజం.

‘ఫెటీగ్’ మాట ఎక్కడిది?

అమెరికాకు చెందిన జేమ్స్ విల్సన్ అనే కైరోప్రాక్టర్ 1998లో ఈ మాటను ప్రచారంలోకి తెచ్చారు. ఒత్తిడి ఏళ్ల తరబడి కొనసాగితే గ్రంథులు అలసిపోయి కార్టిజోల్‌ను తగినంత తయారుచేయలేవన్నది ఆయన వాదన. వినటానికి సబబుగానే ఉంటుంది. కానీ రుజువు కావాలి కదా! బ్రెజిల్ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన 58 అధ్యయనాలను జల్లెడ పట్టి 2016లో ఫలితాలు ప్రకటించారు. అలసటకూ అడ్రినల్ గ్రంథులు ‘అలసిపోవటానికీ’ ముడిపెట్టే ఆధారమేదీ వాటిలో దొరకలేదు. హార్మోన్ నిపుణుల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ కూడా దీన్ని జబ్బుగా గుర్తించటం లేదు.

అలాగని మీ నీరసం అబద్ధమని కాదు. దానికి తగిలించిన పేరు తప్పు. పేరు తప్పయితే మందూ తప్పుతుంది. అమెరికాలో ‘అడ్రినల్‌కు బలం’ పేరుతో అమ్ముతున్న 12 రకాల ఉత్పత్తులను పరీక్షించి 2018లో ఫలితాలు ప్రచురించారు. అన్నింట్లోనూ థైరాయిడ్ హార్మోన్, ఎక్కువ వాటిలో స్టిరాయిడ్లు బయటపడ్డాయి. డబ్బా మీద వీటి ఊసు లేదు. వేసుకున్న కొత్తలో హుషారు వస్తే వచ్చిందనుకోవచ్చు. కానీ బయటి నుంచి స్టిరాయిడ్ అందుతుంటే సొంత గ్రంథులు పని తగ్గించుకుంటాయి. అంటే లేని జబ్బుకు మందు వేసుకుని ఉన్న జబ్బును తెచ్చుకోవటమన్నమాట!

నిజంగా తగ్గిపోతే..

అడ్రినల్ గ్రంథులే దెబ్బతిని కార్టిజోల్ తగ్గిపోవటాన్ని ఆడిసన్స్ జబ్బు అంటారు. థామస్ ఆడిసన్ అనే ఆంగ్ల వైద్యుడు 1855లో దీన్ని వివరించారు. హైదరాబాద్‌లో పుట్టి 1994లో విశ్వసుందరిగా నిలిచిన నటి సుస్మితా సేన్ తనకు 2014లో ఈ జబ్బు బయటపడిందని స్వయంగా వెల్లడించారు. స్టిరాయిడ్ మందుల మీద ఆధారపడాల్సి వచ్చిందనీ, 2019 నాటికి గ్రంథులు మళ్లీ కోలుకున్నాయనీ చెప్పారు. అయితే ఇలా కోలుకోవటం చాలా అరుదు. ఎక్కువ మందికి జీవితాంతం మందులు తప్పవు. కాబట్టి ఆ కథ విని ఎవరూ సొంతంగా మాత్రలు మానకూడదు.

రోగనిరోధక వ్యవస్థ పొరపాటున సొంత గ్రంథుల మీదే దాడి చేయటం ఈ జబ్బుకు ఒక కారణం. మనదేశంలో క్షయ కూడా గ్రంథులను దెబ్బతీస్తుంది. పిట్యూటరీ దెబ్బతిన్నా కార్టిజోల్ తగ్గుతుంది. ప్రసవంలో విపరీతంగా రక్తం పోయి, ఆ తర్వాత పాలు పడక, నెలసరి తిరిగి రాని స్త్రీలలో దీన్ని అనుమానించాలి.

ఒట్టి నీరసానికీ దీనికీ తేడా ఉంది. ఇందులో నీరసంతో పాటు ఆకలి మందగించి బరువు తగ్గుతారు. వికారం, వాంతులు, కడుపునొప్పి ఉంటాయి. లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి. ఆడిసన్స్ అయితే ఉప్పు తినాలనిపిస్తుంటుంది. అరచేతి గీతలు, చిగుళ్లు, పాత మచ్చలు నల్లబడతాయి. ‘ఎండకు కమిలిందిలే’ అని వదిలేసే ఈ నలుపే ఒక్కోసారి జబ్బును పట్టిస్తుంది. రక్తపరీక్షలో సోడియం తగ్గి ఉంటుంది, పొటాషియం పెరగొచ్చు.

అసలు మోసం మందుల డబ్బాలో

కార్టిజోల్ తగ్గటానికి తరచూ కనిపించే కారణం మాత్రం మనం వాడే స్టిరాయిడ్లే. ఉబ్బసం, కీళ్లవాతం వంటి జబ్బులకు డాక్టర్లు ఇచ్చే ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ ఎంతో మేలు చేస్తాయి. చిక్కంతా చీటీ లేకుండా కొనసాగించటంతోనే. డబ్బింగ్ ముందు గొంతు బొంగురుపోయిందని, మేకప్ పడక ముఖం కందిందని, బరువు పెరగాలని, మోకాళ్లు నొప్పులని మందుల షాపులో అడిగి తెచ్చుకునే గోళీల్లో స్టిరాయిడ్ ఉండొచ్చు. రంగు తేలటానికి రాసుకునే క్రీముల్లో, ఏం కలిపారో చెప్పని పొడుల్లోనూ ఉండొచ్చు. ఇలాంటివి మూడు, నాలుగు వారాలకు మించి వాడి ఠక్కున ఆపేస్తే నిద్రాణంగా ఉన్న గ్రంథులు వెంటనే మేల్కోలేవు. అందుకే డాక్టర్ పర్యవేక్షణలో మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

పరీక్షకు వేళ ముఖ్యం

కార్టిజోల్‌ను మామూలుగా ఉదయం 8, 9 గంటల మధ్య రక్తంలో చూస్తారు. డెసిలీటరుకు 3 మైక్రోగ్రాముల కన్నా తక్కువుంటే లోపాన్ని బలంగా అనుమానించాలి. 15 దాటితే లోపం దాదాపు లేనట్టే. మధ్యలో ఉంటే ఏసీటీహెచ్ ఇంజెక్షన్ ఇచ్చి గ్రంథులు ఎలా స్పందిస్తున్నాయో చూస్తారు. సాయంత్రం చేయించి ‘తక్కువుంది’ అని బెంబేలెత్తటంలో అర్థం లేదు. రాత్రి షూటింగులు, నైట్ షిఫ్టులు చేసేవారిలో కార్టిజోల్ లయ గాడి తప్పుతుంది. వీళ్లు ఎప్పుడు పడుకుని ఎప్పుడు లేస్తున్నారో డాక్టర్‌కు ముందే చెప్పాలి. స్టిరాయిడ్లు, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నా దాచొద్దు. అవీ ఫలితాన్ని మారుస్తాయి. నీరసానికి కారణం తేల్చటానికి లాలాజలం కిట్లు పనికిరావు.

చికిత్స తేలికే.. క్రమం తప్పొద్దు

లోపం నిర్ధారణ అయితే తగ్గిన హార్మోన్‌ను మాత్రల రూపంలో భర్తీ చేస్తారు. పెద్దలకు సాధారణంగా రోజుకు 15 నుంచి 25 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిజోన్ సరిపోతుంది. నిద్ర లేవగానే ఎక్కువ మోతాదు, మిగతాది తర్వాత విడతల్లో ఇస్తారు. ఆడిసన్స్ అయితే ఫ్లూడ్రోకార్టిజోన్ కూడా అవసరమవుతుంది. జ్వరం వస్తే డాక్టర్ ముందే చెప్పినట్టుగా మోతాదు రెండు, మూడు రెట్లు పెంచుకోవాలి. జబ్బు పేరు, మందుల వివరాలు రాసిన కార్డు ఎప్పుడూ జేబులో ఉండాలి. కార్పొరేట్ ఆసుపత్రుల్లోనే కాదు, నిమ్స్, ఉస్మానియాల్లోనూ హార్మోన్ల విభాగాలున్నాయి.

మరి నా నీరసం సంగతేంటి?

చాలామందిలో కారణం ఇంతకన్నా మామూలుదే. మనదేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. కాబట్టి ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, విటమిన్ బి12 చూపించుకోవాలి. గురక పెడుతూ, పగలు కునికిపాట్లు పడుతుంటే నిద్రలో శ్వాస ఆగుతోందేమో పరీక్షించాలి. దేని మీదా ఆసక్తి లేకపోతే కుంగుబాటును అనుమానించాలి. వీటన్నింటికీ చికిత్స ఉంది. రాత్రి పని తప్పనివారు పగలు చీకటి గదిలో, ఫోను పక్కన పెట్టి, ఏకబిగిన 7 గంటలు నిద్రపోయేలా ఇంట్లోవాళ్లు సహకరించాలి.

వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సింది ఎప్పుడు?

కార్టిజోల్ లోపం ఉన్నవారికి, చాలాకాలంగా స్టిరాయిడ్లు వాడుతున్న లేదా ఇటీవలే ఆపేసిన వారికి ఈ లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయొద్దు.

* మాత్ర కూడా నిలవనంతగా వాంతులు, విరేచనాలు
* నిలబడలేనంత నిస్సత్తువ, స్పృహ తప్పటం
* రక్తపోటు బాగా పడిపోవటం, మాట తడబడటం, అయోమయం

వీరికి 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిజోన్ ఇంజెక్షన్, సెలైన్ తక్షణం అందాలి. అత్యవసర విభాగంలో అడుగుపెట్టగానే ‘స్టిరాయిడ్ వాడుతున్నాం’ అని చెప్పండి. ఆ ఒక్కమాట ప్రాణం నిలబెడుతుంది.