సెల్‌ఫోనులో దొరికిన బడి

మా సంఘ సభ్యులలో నొకరి కుమార్తె వ్యవసాయ కళాశాలలో బి.ఎస్సీ. చదువుచున్నది. ఇంటర్మీడియెటు వఱకు తెలుగున చదివిన పిల్ల యగుటచే ఇంగ్లీషు పాఠములు కొఱుకుడుపడక, చదువు మాని వచ్చెదనని మొదటి యేడు తండ్రితో చెప్పినదట. ఈ సంక్రాంతి సెలవులలో నామె మా కార్యాలయమునకు వచ్చి, తన్ను నిలిపిన సాధనములను సెల్‌ఫోనులో చూపగా, మేము పని మానుకొని వింటిమి. సినిమా పాటలకును ఆ ఫోనే గదా యని మాలో నొకరు నవ్విరి. "వాటికిని వాడుదును బాబాయిగారూ" అని యొప్పుకొన్నది.

ఆంధ్రభారతి యను వెబ్‌సైటులో నొక మాట వ్రాసిన, పలు నిఘంటువులలోని యర్థము లొక్కమారే కనబడును. కేంద్ర ప్రభుత్వము 2017లో ప్రారంభించిన 'స్వయం'లో కళాశాల పాఠములు వినుటకు రుసుము లేదు. పరీక్ష వ్రాసి ధ్రువపత్రము కోరువారే చెల్లింపవలెను. ఉపన్యాసమును నిలిపి, మాటకు అర్థము చూచి, మరల వినవచ్చును. తరగతిలో నాలుగుమార్లు చెప్పుడని యడుగుటకు ఏ పిల్లకు ధైర్యము చాలును?

2003లో మొదలైన తెలుగు వికీపీడియాను చూపినప్పుడు మాకు శంక కలిగెను. ఎవరైనను దిద్దగల వ్రాతను నమ్ముట యెట్లు? ఆమె 'చరిత్ర' యను చోట నొక్కి, ఏ మార్పు ఎన్నడు జరిగినదో చూపెను. అడుగున ఆధారము లేని మాటను తాను పుస్తకమున కెక్కింపదట.

ఈ యలవాటే కార్తీకమాసమున తండ్రిని కాపాడినది. మిరప యాకులు ముడుచుకొనుచుండగా, వాట్సాప్‌లో తిరుగుచున్న సందేశమును నమ్మి ఆయన తామరపురుగుల మందు కొనబోయెను. కూతురు హాస్టలునుండి ఫోనుచేసి ఆకుల ఫొటోలు తెప్పించుకొనెను. తామరపురుగులు పట్టిన యాకు అంచులు పైకి ముడుచుకొనును. తెల్లనల్లి పట్టినచో క్రిందికి ముడుచుకొని తిరగవేసిన పడవవలె నుండును. ఈ యాకులు క్రిందికే ముడిచియుండెను. నల్లి ఎనిమిది కాళ్ళ సాలీడు జాతిది. తామరపురుగుల మందులలో ననేకము దానిని చంపజాలవు.

అయినను తన మాటయే చాలునని యామె యనుకొనలేదు. ఫొటోలను ఈ-మెయిలున తన యుపాధ్యాయునికి పంపినది. తండ్రిచేత కిసాన్ కాల్ సెంటరునకు ఫోను చేయించినది. 2004లో నేర్పడిన యీ కేంద్రమువారు 1800-180-1551 నంబరున, ఉదయము 6 గంటలనుండి రాత్రి 10 వఱకు, తెలుగుననే బదులు చెప్పుదురు. పిలుపునకు ఖర్చు లేదు. ఇరువురును నల్లియే యనిరి. ఒక వ్యర్థపు పిచికారి తప్పినది. అంతకు మించి, ఆ మందు పనిచేయునేమో యని ఎదురుచూచుటలో పోవలసిన దినములు మిగిలినవి.

ఆ తండ్రికి వ్రాత అంతగా రాదు. మాటలాడిన తెలుగును ఫోనే అక్షరములుగా మార్చునని కూతురు చూపినది మొదలు, ఆయన ప్రతి సాయంకాలము చేని సంగతి యామెకు తానే పంపుచున్నాడు. తక్కిన సభ్యులకును వేసవి సెలవులలో కార్యాలయమున నేర్పెదనని యామె మాట యిచ్చినది. తేదీలను ముందు సంచికలో తెలుపుదుము.