ఒక్క డ్యూటీలో 10,800 సార్లు

సూరత్ లింబాయత్‌లో తెలుగు నేత కుటుంబాలు చాలానే ఉన్నాయి. సాంచాల (మరమగ్గాల) మీద 12 గంటల డ్యూటీ అక్కడ మామూలే. నిమిషానికి 15 ఊపిరుల లెక్కన చూసినా ఒక్క డ్యూటీలో 10,800 సార్లు గాలి పీల్చాలి. పీల్చినప్పుడల్లా పక్కలో పొడిస్తే? ఆ మనిషి నొప్పి ఉన్న వైపుకే ఒరిగి, డొక్క మీద అరచెయ్యి ఒత్తిపెట్టుకుని, చిన్న చిన్న గుక్కలుగా ఊపిరి తీస్తాడు. తెగిన పోగు ముడేయడానికి వంగి సగంలోనే ఆగిపోతాడు. ‘గ్యాసేలే’ అంటూ ఓ గోళీ మింగుతాడు.

ఆ పోటు ఎక్కడిదంటే, ఊపిరితిత్తి చుట్టూ రెండు పొరలుంటాయి. వాటి మధ్య 10–20 మి.లీ. తడి, అంటే రెండు నుంచి నాలుగు టీస్పూన్లు. లోపలి పొరకు నొప్పి తెలీదు, బయటి పొరకు బాగా తెలుసు. వాపొచ్చిన పొరలు రాసుకుంటే స్టెతస్కోపులో కొత్త తోలుచెప్పులు కిర్రుమన్నట్టు వినబడుతుంది.

అసలు మోసం తర్వాత ఉంది. పొరల మధ్య నీరు చేరితే రాపిడి ఆగి పోటు తగ్గుతుంది. తగ్గిందనుకుని మళ్లీ సాంచా దగ్గరికి వెళ్తారు. కానీ మెట్లెక్కితే ఆయాసం. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో కనబడేసరికే నీరు సుమారు 200 మి.లీ. అయి ఉంటుంది, స్కానింగ్‌లో ఇంకా ముందే దొరుకుతుంది.

పొరల వాపు వైరస్ వల్లయితే నొప్పి మందులతో ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటుంది. నెమ్ముకు యాంటీబయాటిక్స్ కావాలి. మన దేశంలో వయసులో ఉన్నవాళ్లకు జ్వరంతో పాటు ఇలా నీరు చేరితే డాక్టర్ మొదట అనుమానించేది టీబీనే. 2023లో ఇక్కడ దాదాపు 28 లక్షల మందికి టీబీ జబ్బు వచ్చిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పొరకు పట్టిన టీబీ తెమడ పరీక్షలో తరచూ దొరకదు, సూదితో నీరు తీసి చూడాలి. మందులు సాధారణంగా 6 నెలలు, ఉచితం; తిండి కోసం ప్రభుత్వం నెలకు 1,000 రూపాయలు ఇస్తుంది, 2024 నవంబరు దాకా అది 500 ఉండేది.

సూరత్‌కు ఛాతీ నొప్పి భయం కొత్త కాదు. 1994 సెప్టెంబరులో జ్వరం, ఛాతీ నొప్పి, రక్తపు తెమడతో జనం ఆసుపత్రులకు పరుగెత్తారు. ప్లేగు అన్నారు. 50 మందికి పైగా పోయారు, లక్షల మంది ఊరొదిలారు, టెట్రాసైక్లిన్ గోళీలకు కటకట.

నొప్పి ఉన్నట్టుండి మొదలై ఆయాసం వచ్చినా, ఒక కాలే వాచినా, రక్తం పడినా, చెమటలు పట్టి కళ్లు తిరిగినా తెల్లారేదాకా ఆగొద్దు. ఊపిరితిత్తిలో రక్తం గడ్డ కావచ్చు, ఊపిరితిత్తి ముడుచుకుపోయి ఉండొచ్చు, గుండెపోటూ కావచ్చు. గడ్డకు రక్తం పలచబరిచే మందులు కనీసం 3 నెలలు వాడతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2005లో మొదలైన 108 అంబులెన్స్ నంబరే 2007 నుంచి గుజరాత్‌లోనూ పనిచేస్తోంది. గుజరాతీ రాకపోతే ఈ ఒక్క మాట చాలు: ‘శ్వాస్ లేతాం ఛాతీమాం దుఖే ఛే’ (ఊపిరి తీస్తే ఛాతీలో నొప్పి పుడుతోంది).